పాత కామిక్స్ విక్రయం: హైదరాబాద్

నిర్వచనం, పరిధి

ముద్రణ నిలిచిపోయిన బొమ్మల కథల పుస్తకాలను, పిల్లల సచిత్ర పత్రికలను సేకరించి, అవి ఏ ముద్రణో, ఏ స్థితిలో ఉన్నాయో తేల్చి, ధర కట్టి అమ్మడాన్ని పాత కామిక్స్ విక్రయం అంటారు. సెకండ్‌హ్యాండ్ పుస్తకాల వ్యాపారంలో ఇదొక శాఖ. మామూలు పాత పుస్తకాన్ని అందులోని విషయం కోసం కొంటారు. పాత కామిక్‌ను మాత్రం చేతిలో ఉన్న ఆ ప్రతి కోసమే కొంటారు. అందుకే ఒకే కథ తొలి ముద్రణకూ, పదేళ్ల తర్వాత వచ్చిన పునర్ముద్రణకూ ధరలో పోలిక ఉండదు.

‘పాత’ అనడానికి అమెరికాలో స్థిరపడిన కాలవిభజన ఉంది. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచికతో (1938 జూన్) మొదలై 1950ల నడిమి దాకా సాగినదాన్ని స్వర్ణయుగం అనీ, ఆ తర్వాత సుమారు 1970 వరకు నడిచినదాన్ని రజతయుగం అనీ అంటారు. భారతదేశంలో అంత కచ్చితమైన విభజన లేదు. ఇంద్రజాల్ కామిక్స్ ఆగిపోయిన 1990ని చాలామంది అమ్మకందారులు హద్దుగా పెట్టుకుంటారు. అంతకు ముందువి పాతవి, తర్వాతివి వాడినవి.

తెలుగు ప్రాంతంలో ఈ వ్యాపారం పరిధి మరికొంత విశాలం. చందమామ వంటి కథల మాసపత్రికలు కచ్చితంగా కామిక్స్ కావు. అయినా వాటిని వెతికేది అదే కొనుగోలుదారు, అమ్మేది అదే బల్ల మీద. కాబట్టి ఈ వ్యాసం వాటినీ కలుపుకొని చూస్తుంది.

చరిత్ర: మేళాల పుట్టుక

సేకర్తలూ అమ్మకందారులూ ఒక హాలులో చేరి పాత సంచికలు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి అమెరికాలో 1960లలో రూపుదిద్దుకుంది. 1964 జూలైలో న్యూయార్క్‌లో జరిగిన చిన్న సమావేశాన్ని తొలి కామిక్స్ సమావేశాల్లో ఒకటిగా లెక్కిస్తారు. శాన్ డియాగో సమావేశం 1970లో మొదలైంది. రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ ధరల పుస్తకం తొలి కూర్పు కూడా ఆ ఏడే వెలువడింది. అంతవరకు ఊరికో ధరగా ఉన్న సరుకుకు ఉమ్మడి కొలమానం దానితో ఏర్పడింది. 2000లో సీజీసీ అనే సంస్థ వచ్చి, ప్రతిని పరీక్షించి, 0.5 నుంచి 10 వరకు అంకె వేసి, పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇచ్చే పద్ధతి ప్రవేశపెట్టింది. అలా 8.5 అంకె పొందిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక ఒకటి 2024 ఏప్రిల్‌లో 60 లక్షల డాలర్లకు అమ్ముడైంది.

భారతదేశంలో జతిన్ వర్మ స్థాపించిన కామిక్ కాన్ ఇండియా 2011 ఫిబ్రవరిలో ఢిల్లీలోని దిల్లీ హాట్‌లో తొలి మేళా జరిపింది. హైదరాబాద్ మేళా 2013లో మాదాపూర్ సమీపంలోని హైటెక్స్ ప్రదర్శనశాలలో మొదలైంది. 2024లో నాడ్విన్ గేమింగ్ సంస్థ కామిక్ కాన్ ఇండియాను కొనుగోలు చేసింది. ఈ మేళాల్లో పాత్రల వేషాలు కట్టి వచ్చే యువత, వీడియో గేములు, టీషర్టులు, బొమ్మలదే పెద్ద వాటా. పాత సంచికలు అమ్మేవారికి దక్కేది ఒక మూల మాత్రమే. అయితే ఆ మూలకు వచ్చేవారు దారి తప్పి వచ్చినవారు కారు. ఫలానా సంచిక కావాలని అంకెతో సహా అడుగుతారు.

నగరంలో దీనికంటే పాత వేదిక హైదరాబాద్ పుస్తక ప్రదర్శన. 1985లో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో మొదలైన ఈ వార్షిక ప్రదర్శన ఇటీవలి కాలంలో ఎన్టీఆర్ స్టేడియంలో జరుగుతోంది. సెకండ్‌హ్యాండ్ పుస్తకాల స్టాళ్లు అందులో ఎప్పుడూ ఉంటాయి. తెలుగు పిల్లల పత్రికల పాత సంచికలకు కామిక్ కాన్ కంటే ఇక్కడికొచ్చే కొనుగోలుదారులే ఎక్కువ అనుకూలం.

హైదరాబాద్‌లో సరుకు ప్రయాణం

హైటెక్స్‌లో బల్ల మీదికి చేరే పుస్తకం ప్రయాణం చాలాసార్లు మూసీకి దక్షిణాన, పాతబస్తీ ఇంటి అటక మీద మొదలవుతుంది. చార్మినార్ నుంచి ఫలక్‌నుమా వైపు వెళ్లే రోడ్డు మీద ఉన్న శాలిబండ ఇందుకు మంచి ఉదాహరణ. 1904 నాటి గడియార స్తంభం ఈ పేటకు గుర్తు. లాల్‌దర్వాజా, మొఘల్‌పురా, అలియాబాద్, గౌలిపురా దీని చుట్టుపక్కల పేటలు. హైదరాబాద్ సంస్థానం నాటి నుంచి ఇక్కడ ఉర్దూ, తెలుగు, హిందీ, మరాఠీ, కన్నడ ఇళ్లలో మాట్లాడుకునే కుటుంబాలు పక్కపక్కనే బతికాయి. అందుకే ఈ ప్రాంతంలో కొన్న పాత కాగితాల మూటలో చందమామ, ఢిల్లీ నుంచి వచ్చిన ఉర్దూ పిల్లల పత్రిక ‘ఖిలౌనా’, హిందీ ఇంద్రజాల్, ఇంగ్లిష్ అమర్ చిత్ర కథ కలిసి కనిపించే అవకాశం ఉంది. ఒకే భాష తెలిసిన అమ్మకందారు ఈ మూటలో సగం విలువను గుర్తించలేడు. పాతబస్తీ సరుకు మీద పట్టున్నవారికి కనీసం మూడు లిపులు చదవడం వచ్చి ఉంటుంది.

ఇంటి నుంచి పుస్తకం మొదట పాత పేపర్లు కొనే బండి అతని చేతికో, కబాడీ దుకాణానికో వెళ్తుంది. అక్కడ దాని విలువ తూకమే. అక్కడి నుంచి దారులు చీలుతాయి. కొంత సరుకు గుజ్జు మిల్లుకు పోతుంది. కొంత పురానాపూల్, బేగంబజార్ పక్కన గురువారాలు జరిగే జుమేరాత్ బజార్ సంతకు చేరుతుంది. కొంత చార్మినార్ పడమటి పక్కన 1892 నాటి గడియార స్తంభం ఉన్న మహబూబ్ చౌక్ పరిసరాల పాత సామాన్ల వ్యాపారుల దగ్గర ఆగుతుంది. మిగిలింది కోఠి సెకండ్‌హ్యాండ్ పుస్తకాల దుకాణాలకూ, ఆబిడ్స్ ఆదివారం సంతకూ వెళ్తుంది. ఆదివారం పెద్ద దుకాణాలు మూసి ఉంటాయి గనక ఆబిడ్స్‌లో వాటి ముందరి ఫుట్‌పాత్‌ల మీద పుస్తకాలు పరుస్తారు. మద్రాసు మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. ఢిల్లీ దర్యాగంజ్ సంత 2019లో రోడ్డు పక్క నుంచి ఖాళీ అయి మహిళా హాట్ ఆవరణకు మారింది. ఆబిడ్స్ సంత మాత్రం ఫుట్‌పాత్ మీదే బతికి ఉంది.

సరుకు రాకకు రుతువులు ఉన్నాయి. రంజాన్‌కు ముందు ఇళ్లకు సున్నాలు వేసేటప్పుడు, దసరా దీపావళికి దులిపేటప్పుడు, బోనాల ముందు, ఏప్రిల్‌లో బడి పుస్తకాలు తీసేసేటప్పుడు పాత కాగితాలు ఎక్కువగా బయటికి వస్తాయి. ఇల్లు ఖాళీ చేయడం, అన్నదమ్ములు పంచుకోవడం, పెద్దవారు పోవడం మిగతా సందర్భాలు. ఎంజీబీఎస్ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమాకు 5.5 కిలోమీటర్ల మెట్రో మార్గానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. అందులో శాలిబండ ఒక స్టేషన్. రోడ్డు విస్తరణ కోసం ఆస్తుల సేకరణ, కూల్చివేతలు మొదలయ్యాక ఆ దారి వెంట తరాల నాటి ఇళ్లూ దుకాణాలూ ఖాళీ అవుతున్నాయి. ఇలాంటి సమయాల్లో ఇంటివారు పత్రికల కట్టలను చూసుకునే స్థితిలో ఉండరు. ఒక పేట చదువుకున్న చరిత్ర కొద్ది రోజుల్లోనే తూకానికి వెళ్లిపోవచ్చు.

సరుకు రకాలు

ఇంద్రజాల్ కామిక్స్. టైమ్స్ ఆఫ్ ఇండియా ప్రచురణకర్తలైన బెన్నెట్ కోల్‌మన్ సంస్థ 1964 మార్చిలో ప్రారంభించింది. తొలి 32 సంచికలూ లీ ఫాక్ సృష్టించిన ఫాంటమ్ కథలే. తర్వాత మాండ్రేక్, ఫ్లాష్ గార్డన్, రిప్ కిర్బీ, బజ్ సాయర్ వంటి పాత్రలు చేరాయి. 1976లో ఆబిద్ సుర్తీ సృష్టించిన బహాదూర్ ఈ వరుసలోని భారతీయ నాయకుడు. మూలంలో ‘బెంగాల్లా’ వంటి పేర్లున్న ఫాంటమ్ దేశాన్ని ఇందులో ‘డెంకాలి’గా మార్చారు. సుమారు 800 సంచికలు వెలువడ్డాక 1990లో నిలిచిపోయింది. భారతీయ కామిక్స్ సేకరణలో అన్నిటికంటే ఎక్కువగా అడిగేది ఇదే. మొదటి 32లో ఏది దొరికినా, అట్ట చిరిగి ఉన్నా, కొనేవారు ఉంటారు.

అమర్ చిత్ర కథ. అనంత్ పాయ్ సంపాదకత్వంలో ఇండియా బుక్ హౌస్ 1967లో ప్రారంభించిన ఈ వరుసలో ‘కృష్ణ’ సంచిక మీద 11 అనే అంకె ఉంటుంది. తొలి పది అంకెలూ కన్నడంలో వెలువడిన పాశ్చాత్య జానపద కథలవి. ఈ సంగతి తెలియక 1 నుంచి 10 వరకు ఇంగ్లిష్ సంచికల కోసం ఏళ్ల తరబడి వెతికే సేకర్తలు ఉంటారు. తెలుగుతో సహా అనేక భాషల్లో వచ్చిన ఈ పుస్తకాలు లెక్కలేనన్ని సార్లు పునర్ముద్రణ పొందాయి. కాబట్టి పాతగా కనిపించే ప్రతి అమర్ చిత్ర కథా అరుదైనది కాదు. అదే సంస్థ నుంచి 1980లో వచ్చిన టింకిల్ పత్రిక సంచికలు విరివిగా దొరుకుతాయి. వాటికి పిల్లలే ప్రధాన కొనుగోలుదారులు.

తెలుగు పిల్లల పత్రికలు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల ‘బాల’ 1945లో మొదలైంది. బి. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో చందమామను తెలుగు, తమిళ భాషల్లో ప్రారంభించారు. 1952 నుంచి 1980 వరకు కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వం వహించారు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, చిత్రా, శంకర్ లోపలి బొమ్మలు, దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు పాత సంచికలకు గిరాకీ తెచ్చిన అంశాలు. 1998లో ఆగి మళ్లీ మొదలైన పత్రిక ముద్రణ 2010ల ఆరంభంలో పూర్తిగా నిలిచింది. బాలమిత్ర, బొమ్మరిల్లు, బాలజ్యోతి కూడా ఇదే బల్ల మీద కనిపిస్తాయి. చందమామలో 1950ల సంచికలకు, అందులోనూ ముఖచిత్రం చెక్కుచెదరకుండా ఉన్నవాటికి, మిగతా తెలుగు సరుకు దేనికీ రాని ధర వస్తుంది.

పత్రికల నుంచి చించి కుట్టిన సంపుటాలు. తమిళంలో శివకాశి నుంచి 1972లో ముత్తు కామిక్స్, 1984లో లయన్ కామిక్స్ వచ్చి విడి పుస్తకాల సంప్రదాయాన్ని నిలబెట్టాయి. తెలుగులో బొమ్మల కథలు ఎక్కువగా పత్రికల పుటల్లోనే పెరిగాయి. దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు బుజ్జాయి గీసిన ‘డుంబు’ తెలుగు పాఠకులకు తెలిసింది. ఆయన ‘పంచతంత్రం’ 1960లలో ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియాలో ధారావాహికగా వచ్చింది. ఇటువంటి వాటిని పాఠకులు వారం వారం చించి దాచుకుని, చివరికి బైండు చేయించేవారు. తెలుగు కామిక్స్ చరిత్రలో కొంత భాగం ఈ ఇంటి బైండుల్లోనే మిగిలింది. పాశ్చాత్య కొలమానంతో చూస్తే ఇవి విలువ లేని కత్తిరింపులు. తెలుగు సరుకు విషయంలో ఆ కొలమానం పనికిరాదు.

విదేశీ కామిక్స్. బ్రిటన్‌లో డీసీ థామ్సన్ 1961లో ప్రారంభించిన కమాండో యుద్ధ కథలు, ఆర్చీ, టిన్‌టిన్, ఆస్టెరిక్స్, అమెరికన్ సూపర్ హీరోల సంచికలు ఆబిడ్స్‌లో తరచూ కనిపిస్తాయి. వీటికి అంతర్జాతీయ ధరల పట్టికలు ఉండడం వల్ల బేరం సులువు. అదే కారణంతో చవగ్గా దొరకడం కష్టం.

ముద్రణ గుర్తింపు

అట్ట మీది అంకె ఒక్కటే ఆధారం కాదు. ముద్రించిన ధర, ప్రచురణకర్త చిరునామా, వెనుక అట్ట మీది ప్రకటన, అప్పటికి వెలువడిన పుస్తకాల జాబితా కలిపి చూడాలి. అమర్ చిత్ర కథలో పాత అంకెల వరుస ఒకటి, తర్వాత దళసరి అట్టలతో 501 నుంచి వేసిన కొత్త వరుస మరొకటి. ‘కృష్ణ’ మీద 501 ఉంటే అది తర్వాతి కాలపు ముద్రణ. 11 ఉన్నా తొలి ముద్రణ అని హామీ లేదు. వెనుక జాబితాలో ఆ తర్వాతి ఏళ్ల పుస్తకాల పేర్లుంటే తేదీ ముందుకు జరుగుతుంది. ఇంద్రజాల్‌లో తొలుత వరుస అంకెలు, 1980లలో సంపుటి–సంచిక పద్ధతి ఉన్నాయి. రెండు పద్ధతులనూ సరిపోల్చే జాబితా అమ్మకందారు దగ్గర ఉండితీరాలి.

అరుదైన సంచికలకు కలర్ జిరాక్స్ అట్టలు వేసి అమ్మడం ఈ రంగంలోని ప్రధాన మోసం. భూతద్దంతో చూస్తే పాత ఆఫ్‌సెట్ ముద్రణలో రంగులు క్రమమైన చుక్కల వరుసలుగా కనిపిస్తాయి. ప్రింటర్ తీసిన నకలులో ఆ వరుసలు చెదిరిపోతాయి, లేదా చుక్కల మీద చుక్కలు పడతాయి. అతినీలలోహిత టార్చి కింద నేటి తెల్ల కాగితం సాధారణంగా నీలంగా మెరుస్తుంది. పాత న్యూస్‌ప్రింట్ మెరవదు. పిన్నుల తుప్పు మరక కాగితంలోకి ఇంకి ఉందా, పైపైన ఉందా అన్నదీ చూస్తారు.

స్థితి నిర్ణయం

అంతర్జాతీయ పద్ధతిలో 10 అంకె దోషరహితం, 9.4 నియర్ మింట్, 8 వెరీ ఫైన్, 6 ఫైన్, 4 వెరీ గుడ్, 2 గుడ్, 1 ఫెయిర్, 0.5 పూర్. పేరుకు ‘గుడ్’ అయినా అది కింది మెట్టే. వెన్ను నలిగి, మూలలు అరిగి, అయినా పుటలన్నీ ఉన్న ప్రతి అది. కొత్త కొనుగోలుదారుకు ఈ సంగతి ముందే చెప్పడం మర్యాద.

హైదరాబాద్‌లో దొరికే ప్రతులకు ప్రత్యేకమైన గాయాలు ఉంటాయి. అద్దె పుస్తకాల షాపుల రబ్బరు ముద్రలు, వెన్నుకు అంటించిన బ్రౌన్ టేపు, కుట్టుమిషన్ మీద వేసిన దారపు కుట్లు, బాల్‌పెన్నుతో రాసిన పేరు, తరగతి, సెక్షన్, నింపేసిన పదవినోదాలు, రంగులద్దిన బొమ్మలు. బైండు చేయించిన చందమామలకు మూడు పక్కలా అంచులు కోసేస్తారు, ముఖచిత్రాలు తీసేస్తారు. అలాంటి సంపుటం చదువరికి వరం, సంచికల వారీగా సేకరించేవారికి మాత్రం తక్కువ రకం. నడిమి పుటలు పోయాయేమో అన్నది మొదటి పరీక్ష. కట్టలో కొన్నవాటిని పుట పుటా లెక్కించకుండా బల్ల మీద పెట్టకూడదు.

సెలోటేపు తీసి అతికించడం, కొత్త పిన్నులు వేయడం, రంగు పోయినచోట స్కెచ్‌పెన్ను వాడడం మరమ్మతు కిందికి వస్తాయి. మరమ్మతు చేయడం తప్పు కాదు. చెప్పకపోవడమే తప్పు. పరీక్షించి మూసిన ప్లాస్టిక్ పెట్టెల పద్ధతి అమెరికన్ కామిక్స్‌లో పాతుకుపోయింది గానీ, ఇక్కడి సరుకు చాలావరకు విడిగానే చేతులు మారుతుంది. అందువల్ల అమ్మకందారు చీటీ మీద రాసే నాలుగు మాటలే కొనుగోలుదారుకు ఆధారం. ‘అట్ట అసలుది, 17వ పుట మూల చిరిగింది, లైబ్రరీ ముద్ర రెండు చోట్ల’ అన్నంత స్పష్టంగా ఆ చీటీ ఉండాలి.

ధర కట్టడం

ధరను నిర్ణయించేవి మూడు: ఎంత అరుదు, ఎంత స్థితి, ఎంతమంది అడుగుతున్నారు. మూడోది మిగతా రెంటినీ మించిపోతుంది. పదే ప్రతులు మిగిలిన పుస్తకాన్ని ఎవరూ అడగకపోతే దానికి ధర లేదు. అడిగేవారి వయసు కూడా లెక్కలోకి వస్తుంది. బాల్యంలో చదివినదాన్ని నడివయసులో, చేతిలో డబ్బు ఆడేటప్పుడు కొనుక్కోవడం ఈ మార్కెట్‌ను నడిపే ప్రధాన శక్తి. ఇంద్రజాల్ గిరాకీ దాన్ని చదివిన తరంతో ముడిపడి ఉంది. 1980లు, 90ల పిల్లలు చదివిన రాజ్ కామిక్స్, డైమండ్ కామిక్స్ పుస్తకాల వైపు కొంత గిరాకీ ఇప్పటికే మళ్లింది.

భారతీయ కామిక్స్‌కు ఓవర్‌స్ట్రీట్ స్థాయి ధరల పుస్తకం లేదు. సేకర్తల మధ్య జరిగిన ఇటీవలి అమ్మకాలే కొలత. అడిగిన ధరకూ అమ్ముడైన ధరకూ తేడా చాలా ఉంటుంది. రెండోదాన్నే నమ్మాలి. వరుస సంచికలు కలిసి ఉంటే విడివిడి ధరల మొత్తం కంటే కట్ట ధర ఒక్కోసారి పెరుగుతుంది, ఒక్కోసారి తగ్గుతుంది. చివరి ఖాళీ పూడ్చుకునేవారు ఉంటే పెరుగుతుంది. అందరి దగ్గరా ఉన్నవాటి కట్ట అయితే తగ్గుతుంది.

ఇంటి నుంచి నేరుగా కొనేటప్పుడు నైతిక ప్రశ్న ఎదురవుతుంది. ఇంటివారికి తూకం ధరే తెలుసు, వచ్చినవారికి అసలు ధర తెలుసు. మంచి పేరున్నవారు అరుదైన ప్రతులను వేరు చేసి వాటికి వేరే ధర చెబుతారు, లేదా అమ్మి పెట్టి కమీషన్ తీసుకుంటారు. పాతబస్తీలో కబురు గల్లీ నుంచి గల్లీకి పాకుతుంది గనక ఈ పద్ధతి వ్యాపారానికీ మేలే. ఒక ఇంట్లో న్యాయంగా కొన్నవారిని పక్కింటివారు పిలుస్తారు.

స్టాలు నిర్వహణ

శాలిబండ నుంచి హైటెక్స్‌కు సుమారు 20 కిలోమీటర్లు. పుస్తకాలు బరువు. ట్రాలీ ఆటోలో ముందురోజే చేర్చి, ద్వారాలు తెరవకముందే బల్ల సర్దుకోవాలి. ఆ గంటల్లోనే అమ్మకందారులు ఒకరి సరుకు ఒకరు చూసుకుని కొనుక్కుంటారు. మేళాలో మంచి పుస్తకాలు చాలావరకు జనం లోపలికి రాకముందే చేతులు మారతాయి.

సర్దడంలో మూడు అంచెలు ఉంటాయి. వెనుక నిలువు తెర మీద కంటి ఎత్తున ఖరీదైన సంచికలు. బల్ల మీద పొడవాటి పెట్టెల్లో వరుస ప్రకారం నిలబెట్టి, మధ్యమధ్య పేర్ల అట్టలు పెట్టిన సాధారణ సరుకు. బల్ల కింద ‘ఏది తీసుకున్నా ఒకే ధర’ పెట్టె. జనాన్ని ఆపేది మూడోది. పిల్లలు అక్కడ కూర్చుని ఏరుకుంటుంటే, వెంట వచ్చిన తండ్రి తల ఎత్తి నిలువు తెర మీది ఫాంటమ్‌ను చూస్తాడు. ఉర్దూ పత్రికల వెన్ను కుడివైపు ఉంటుంది, కథ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. వాటిని మిగతావాటితో కలిపి పెడితే వెనుక అట్ట ముందుకు వచ్చి గుర్తుపట్టరు. వాటికి విడి పెట్టె కావాలి.

ఖర్చు లెక్క ముందే వేసుకోవాలి. ఉదాహరణకు స్టాలు అద్దె, రవాణా, మనుషుల ఖర్చు కలిపి 20,000 రూపాయలు అనుకుంటే, పుస్తకానికి సగటున 50 రూపాయలు మిగిలేచోట 400 పుస్తకాలు అమ్మాకే ఖర్చు తిరిగి వస్తుంది. రెండు రోజుల్లో 400 పుస్తకాలంటే నిమిషాల లెక్కన పని. కాబట్టి చిన్న సరుకు ఖర్చును మోయాలి, పెద్ద సరుకు లాభం ఇవ్వాలి. బోణీకి కొంత తగ్గించడం ఇక్కడా ఆనవాయితీ. చివరి రోజు సాయంత్రం, మళ్లీ మోసుకెళ్లడం కంటే తగ్గించి ఇవ్వడం మేలని అందరికీ తెలుసు గనక, బేరాలు ఊపందుకుంటాయి. యూపీఐ చెల్లింపులే ఎక్కువ. హాలులో జనం పెరిగితే నెట్‌వర్క్ మందగిస్తుంది, చిల్లర దగ్గర ఉండాలి.

అన్నిటికంటే విలువైన వస్తువు అమ్మకందారు నోటుపుస్తకం. ఎవరికి ఏ సంచిక కావాలో అందులో రాసుకుంటారు. మేళా ముగిశాక ఏడాది పొడవునా కబాడీ దుకాణాల్లో వెతుకులాటకు అదే దారి చూపుతుంది.

భద్రపరచడం

కామిక్స్ అచ్చయిన న్యూస్‌ప్రింట్‌లో చెక్క గుజ్జులోని లిగ్నిన్ మిగిలి ఉంటుంది. వెలుతురుకూ గాలికీ అది పసుపు పచ్చబడి, ఆమ్లం పెరిగి, కాగితం పెళుసవుతుంది. దీన్ని ఆపలేం, నెమ్మదింపజేయవచ్చు. పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ కవరు, వెనుక ఆమ్లం లేని అట్ట వాడాలి. పీవీసీ కవరు కొన్నేళ్లకు జిగురుగా మారి రంగును లాగేస్తుంది.

హైదరాబాద్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా తేమ, ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే వేడి రెండూ శత్రువులే. చెదలు, సిల్వర్‌ఫిష్ పురుగులు, ఎలుకలు సరే. ఎండిన వేపాకు, కర్పూరం ఇళ్లలో వాడుకలో ఉన్నాయి. పురుగుకు నమ్మదగిన మార్గం పుస్తకాన్ని గాలి చొరని సంచిలో మూసి డీప్ ఫ్రీజర్‌లో కొన్ని రోజులు ఉంచి, నెమ్మదిగా మామూలు వేడికి తేవడం. నేల మీద పెట్టెలు ఉంచకూడదు. 2020 అక్టోబరు వరదల్లో చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా వైపు కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. కింది గదుల్లో దాచిన కాగితం ఏదీ అటువంటి నీటికి తట్టుకోదు.

చట్టం, పన్ను

1957 కాపీరైట్ చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం అప్పటికే చలామణిలో ఉన్న ప్రతులను తిరిగి అమ్మడానికి హక్కుదారు అనుమతి అక్కరలేదు. అరుదైన సంచికను జిరాక్స్ తీసి, లేదా స్కాన్ నుంచి అచ్చు వేసి అమ్మడం మాత్రం ఉల్లంఘన. రచయిత మరణానంతరం 60 ఏళ్ల వరకు హక్కులు ఉంటాయి. ఇంద్రజాల్ కథలు చాలావరకు ఇంకా హక్కుల కింద ఉన్నవే. చిత్రకారుడి చేతి అసలు బొమ్మ అమ్మకానికి వస్తే 53ఎ సెక్షన్ వర్తించవచ్చు. తిరుగు అమ్మకం ధర 10,000 రూపాయలు దాటినప్పుడు తొలి హక్కుదారుగా ఉన్న చిత్రకారుడికీ వారసులకూ అందులో గరిష్ఠంగా 10 శాతం వరకు వాటాకు అది వీలిస్తుంది. పాత పత్రికా కార్యాలయాల నుంచి బయటపడే అసలు బొమ్మల విషయంలో ఈ నిబంధన తెలిసినవారు తక్కువ.

ముద్రిత పుస్తకాలు, పత్రికలు, పిల్లల బొమ్మల పుస్తకాల మీద జీఎస్టీ లేదు. అదే స్టాలులో పోస్టర్లు, బొమ్మలు, టీషర్టులు అమ్మితే వాటి రేట్లు వాటికి ఉంటాయి, బిల్లులు వేరుగా రాయాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం పాత వస్తువును కొత్తదిగా చూపడాన్నీ, నాణ్యత గురించి తప్పుడు మాట చెప్పడాన్నీ అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది. మరమ్మతును దాచడం, పునర్ముద్రణను తొలి ముద్రణగా అమ్మడం ఆ పరిధిలోకి వస్తాయి.

గ్రంథాలయాలు, పరిశోధన

పిల్లల పత్రికలను, అందులోనూ కామిక్స్‌ను, భద్రపరచవలసిన సాహిత్యంగా గ్రంథాలయాలు చాలాకాలం పరిగణించలేదు. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, ఉర్దూ పరిశోధన కేంద్రం సేకరణ ఉన్న బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికల విషయంలో ముఖ్యమైన చోట్లు. పిల్లల పత్రికల పూర్తి వరుసలు మాత్రం ప్రధానంగా వ్యక్తిగత సేకర్తల దగ్గరే ఉన్నాయి. అవి వారికి చేరింది ఈ చిన్న వ్యాపారుల చేతుల మీదుగానే.

చిత్రకారుల పేర్లు, ముద్రణాలయాల చిరునామాలు, ప్రకటనలు, ధరలు పాత సంచికల్లో మాత్రమే ఉంటాయి. పునర్ముద్రణల్లో, స్కాన్లలో వాటిని తరచూ వదిలేస్తారు. పరిశోధకులకు కథ కంటే ఇవే ఎక్కువ ఉపయోగపడతాయి. అందుచేత కొందరు అమ్మకందారులు అరుదైన సంచిక చేయి మారేముందు అట్టలను, ముద్రణ వివరాల పుటను ఫోటో తీసి, ఎక్కడ దొరికిందీ, ఏ స్థితిలో ఉందీ రాసిపెట్టుకుంటారు. ఒక ఇంటి నుంచి వచ్చిన మూటను విడగొట్టే ముందు అందులో ఏయే భాషల ఏయే పత్రికలు కలిసి ఉన్నాయో జాబితా రాయడం దీనికంటే అవసరమైన పని. విడివిడిగా అమ్మేశాక ఆ ఇల్లు ఏం చదివిందో తెలుసుకునే మార్గం మరొకటి ఉండదు.